పద్నాలుగు నిమిషాలు పులస, ఆఖరున ఇలస: ముగింపు చెడిన లఘుచిత్రానికి మార్కులు వేసేదెలా?

మీరడిగింది ఇదీ. అమలాపురంలో జరిగే లఘుచిత్రాల పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో మీరొకరు. వచ్చినవాటిలో 17 నిమిషాల చిత్రమొకటి ఇప్పటికే ఇంకోచోట నామినేషన్ తెచ్చుకుంది. గోదావరి వశిష్ఠ పాయలో వేట చేసుకునే కుర్రాడు, వేవిళ్లతో ఉన్న భార్య, సీజనంతా పడని పులస (సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదారికి ఎదురీదాక పులస), అడ్వాన్సు ఇచ్చి పడిన చేపంతా తనకే తూచాలని కూర్చున్న షావుకారు. సీజను ఆఖర్లో ఒకే ఒక్క పులస పడుతుంది. 14:10 (పద్నాలుగో నిమిషం, పదో సెకను) దగ్గర కుర్రాడు గోనెసంచిలో చేపతో ఏటిగట్టు మీద నిలబడతాడు. ఎడమకి తిరిగితే షావుకారు కాటా, కుడికి తిరిగితే ఇల్లు. 14:40కి నావలో నిద్రలేస్తాడు. కల! ఆ పైన తొంభై సెకన్లు డ్రోన్ షాట్లు, పాట, చివర్లో ‘గోదావరిని కాపాడుకుందాం’ అని కార్డు. మీకు ఒళ్లు మండింది. మిగతా ఇద్దరిలో ఒకరు “నామినేట్ అయిన సినిమా అండీ, తక్కువ వేస్తే మనకే బాగోదు” అంటున్నారు. రెండోవారు “ముగింపే సినిమా, నూటికి 50 దాటనివ్వను” అంటున్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వినకండి. ముగింపు చెడిందని ఎవరైనా చెబుతారు, హాల్లో వెనక వరసలో బఠాణీలు తినే కుర్రాడు కూడా చెబుతాడు. ఏ నిమిషంలో చెడింది, ఎవరి చేతిలో చెడింది, ఆ చెడు వెనక్కి ఎంతదాకా పాకింది అన్న మూడూ తేల్చడమే జడ్జి పని. అవి తేలాకే మార్కుల్లో కోత. ముగింపు ముగింపులోనే చెడడం నిజానికి తక్కువ. చాలాసార్లు అది రెండో నిమిషంలోనో తొమ్మిదో నిమిషంలోనో చెడి, ఆఖర్న బయటపడుతుంది.

నామినేషన్ సంగతి ముందే తేల్చేద్దాం. ఆ ఏడు, ఆ పోటీకి వచ్చినవాటిలో, ఆ నిబంధనల కింద ఇది పై వరసలో నిలిచిందని దానర్థం, అంతకు మించి ఏమీ లేదు. నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఆస్కార్ వాళ్లకి లఘుచిత్రమంటే టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు మించకూడదు. మన జాతీయ అవార్డుల్లో 30 నిమిషాల దాకా. ఆస్కార్‌లోనే, ఒక విభాగంలో నామినేట్ అయిన చిత్రాలన్నీ చూస్తేనే ఆఖరి ఓటు అన్న నిబంధనను అన్ని విభాగాలకూ పెట్టింది 2025 ఏప్రిల్‌లో. అలాంటిది ఎక్కడో ఎవరో ఎంతవరకు చూసి నామినేట్ చేశారో మీకెలా తెలుస్తుంది? పేరు గొప్ప ఊరు దిబ్బ కావచ్చు, నిజంగానే గొప్పా కావచ్చు. మీ మార్కుల కాగితానికి దాంతో పనిలేదు. చేయాల్సింది ఒకటే: సినిమా మొదట్లో ఆకుల దండల మధ్య చిత్రోత్సవాల పేర్లు వేసే ఆ పది సెకన్లను దాటించి కాపీ చూపించమని నిర్వాహకుల్ని అడగండి. అన్ని చిత్రాలకూ అలాగే చేయమనండి, ఈ ఒక్కదానికే కాదు.

ఇక రెండోవారి మాట. “ముగింపే సినిమా” అనిపించడానికి మన బుర్ర పనిచేసే తీరు ఒక కారణం. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ఓ ప్రయోగం ఉంది. మనుషుల చేత ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్ల తర్వాత చెయ్యి తియ్యనివ్వకుండా, నీటిని 15 డిగ్రీలకు మెల్లగా పెంచుతూ మరో 30 సెకన్లు ఉంచారు. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది పొడుగు బాధనే ఎంచుకున్నారు, ఆఖర్న కాస్త నయంగా ఉంది గనక. జ్ఞాపకం మొత్తాన్ని తూచదు. ఎక్కువ తగిలిన క్షణాన్నీ చివరి క్షణాన్నీ పట్టుకుంటుంది. మీ చిత్రంలో ఇదే తలకిందులుగా జరిగింది. పద్నాలుగున్నర నిమిషాల మంచి పని మీద ఆఖరి రెండు నిమిషాల చేదు పరుచుకుంది. ప్రేక్షకుడికి ఆ హక్కుంది. జడ్జి మాత్రం దాన్ని కొంచెం పక్కకి జరిపి చూడాలి.

ఎలాగంటే, మూడుసార్లు చూడండి. మొదటిసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎక్కడా ఆపకుండా, పెన్ను ముట్టకుండా చూడండి. అయిన పది నిమిషాల్లోపు ఒకే వాక్యం రాయండి: ఈ సినిమా నన్ను ఏం తెలుసుకోవాలనుకునేలా చేసింది? మీ చిత్రానికి నేననుకునే వాక్యం: “ఆ చేప ఎవరింటికి వెళ్తుంది?” ఈ వాక్యమే మీ తూకం రాయి. రెండోసారి ఆపుకుంటూ, టైమ్‌కోడ్లు రాసుకుంటూ చూడండి. 14:40 దగ్గర ఆపేసి, నటన, ఛాయాగ్రహణం, శబ్దం, ఎడిటింగ్‌లకు అప్పటిదాకా ఎంత ఇస్తారో అక్కడే అంకె వేసేయండి. తర్వాత మిగతాది చూడండి. మూడోసారి మొదటి నిమిషమూ, 14:00 నుంచి చివరిదాకానూ వెంటవెంటనే చూడండి, ఒకసారి శబ్దం తీసేసి, ఒకసారి తెర వైపు చూడకుండా వింటూ. శబ్దం తీస్తే ముగింపులో ఏమీ మిగలకపోతే పాట దాన్ని మోస్తోందన్నమాట. కళ్లు మూసుకుని వింటే గోదారి చప్పుడు 14:40 తర్వాత మాయమై మొత్తం రీరికార్డింగే వినిపిస్తే, ఆ భాగానికి లొకేషన్ శబ్దం వాళ్ల దగ్గర లేదన్నమాట. ఇది తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ముగింపు మీద తుది అంకె మాత్రం ఆ రోజు వేయకండి. పులస పులుసు రాత్రి మట్టిదాకలో ఉంచి మర్నాడు తినాలంటారు కదా, దీనికీ అదే పద్ధతి. ఉదయం లేచాక కోపం ఇంకా ఉందా, ఉంటే అది దేని మీద ఉందో చూసుకోండి.

ఎందుకంటే కోపాలు రెండు రకాలు. “నేను కోరింది జరగలేదు” అన్నది ఒకటి, “సినిమా ఇచ్చిన మాట తప్పింది” అన్నది ఇంకొకటి. మొదటిదానికి ఒక్క మార్కు కూడా కొయ్యకూడదు. కుర్రాడు చేపని షావుకారుకే తూచేసి, భార్య ముందు ఖాళీ చేతులతో నిలబడి ఉంటే మీ గుండె కోసేసినట్టుండేది, అయినా అది మంచి ముగింపే. విషాదం వేరు, నిరాశ వేరు. రెండోది నిరూపించాలంటే సాక్ష్యం సినిమాలోనే దొరకాలి. మీరు రాసిన వివరాల్లోంచి మూడు ముడులు కనిపిస్తున్నాయి. రెండో నిమిషంలో పక్కింటావిడ “పుస్తెలమ్మైనా పులస తినాలి” అని నవ్వుతుంటే భార్య చెయ్యి తన మెడ మీదకి వెళ్తుంది. అయిదో నిమిషంలో షావుకారు ఖాతా పుస్తకం, అందులో కుర్రాడి పేరు కింద గీత. ఎనిమిదో నిమిషంలో అత్తగారు మట్టిదాక తోమి బోర్లించి పెడుతుంది, చేప లేకపోయినా. పుస్తెలు, పుస్తకం, దాక. ఈ మూడింటిలో ఏదో ఒకటి చివర్లో కదలాలి. కల వచ్చి మూడింటినీ అలాగే వదిలేసింది. మాట తప్పడమంటే ఇది.

ఇది కొత్తగా కనిపెట్టిన కొలమానమేమీ కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో ముఖసంధిలో (కథ మొదట్లో) వేసిన బీజం, ఆ పైన చెదిరిన అర్థాలన్నీ నిర్వహణ సంధిలో (ముగింపు భాగంలో) ఒకచోటికి చేరాలి. నాటకం ఆవుతోక కొసలా ఉండాలనీ, ఉదాత్తమైన భావాలన్నీ చివరికి రావాలనీ, నిర్వహణలో అద్భుతరసం ఉండాలనీ కూడా చెప్పాడు. అద్భుతం అనగానే మనవాళ్లు ట్విస్టు అనుకుంటారు. కాదు. ముందు నుంచీ కళ్లెదురుగా ఉన్నదే ఆఖర్న కొత్తగా కనబడి విస్మయపరచడం. బోర్లించిన దాక వెల్లకిలా తిరిగినా చాలు, అద్భుతమే.

ఇప్పుడు కల దగ్గరికి వద్దాం. కల అనగానే సున్నా వేసే జడ్జిలున్నారు, అది బద్ధకం. అడగాల్సింది కల ఎక్కణ్ణుంచి మొదలైందని. కోత ఎంతన్నది దీని మీదే ఆధారపడుతుంది. నిద్రలేచిన షాటుని ఆపి చూడండి. చొక్కా ఏది? గడ్డం ఎంత ఉంది? వల పొడిగా మడిచి ఉందా, తడిగా ఉందా? లాంతరు వెలుగుతోందా? ఆ వివరాలతో సరిపోయే పాత షాటు వెనక్కి వెతకండి. పది, పదకొండో నిమిషాల్లో, చేప పడే ముందు, అతను నావలో ఒరిగిన షాటు ఉంటే కల అక్కడ మొదలైంది. అప్పుడు అబద్ధమైంది చేప పడడమూ గట్టు మీద నిలబడడమూ, అంటే మూడున్నర నిమిషాలే. భార్య, ఖాతా, దాక నిజంగానే నిలిచి ఉన్నాయి. కథకు గాయమైంది కానీ ప్రాణం పోలేదు. అలాంటి షాటు ఎక్కడా లేకపోతే కల మొదటి ఫ్రేము దాకా పాకిపోతుంది. భార్య కూడా కలే కావచ్చు, అప్పు కూడా కలే కావచ్చు. అప్పుడు మీరు నమ్మి చూసిన పద్నాలుగు నిమిషాలూ కొట్టుకుపోయాయి. రెండో రకానికి కోత రెట్టింపు ఉండాలి.

ఇంకో సంగతి, ఇది డెల్టా వాళ్లకే సులువుగా దొరికేది. నీటి రంగు చూడండి. పులస వచ్చేది వరద నీటితో, జూలై నుంచి సెప్టెంబరు మధ్య. అప్పుడు గోదారి ఎర్రగా, బురదగా, గట్టుదాకా నిండుగా ఉంటుంది. 14:40 తర్వాత డ్రోన్ షాట్లలో నీరు తేటగా, పచ్చగా కనిపించి, పాయ మధ్య ఇసుక తిన్నెలు బయటపడి ఉంటే అవి శీతాకాలంలోనో ఎండాకాలంలోనో తీసినవి. అంటే అసలు ముగింపు ఇంకేదో ఉండేది, అది తియ్యలేకపోయారు, లేదా తీశాక నచ్చలేదు, నెలల తర్వాత వచ్చి ప్యాచ్ వర్క్ చేశారు. లొకేషన్ శబ్దం లేకపోవడం కూడా ఇదే చెబుతుంది. ముగింపులో క్లోజప్పులే లేకుండా అన్నీ వైడ్లూ డ్రోన్లూ అయితే నటుడి డేట్లు దొరకలేదని అనుమానించవచ్చు. దూరం నుంచి తీస్తే నావలో ఎవరు కూర్చున్నా ఒకటే కదా. నరసాపురం దిగువన తీసినదైతే ఆటుపోట్ల జాడ కూడా చూడండి. రేవు మెట్ల మీద తడి గీత ఒకే సీనులో పైకీ కిందకీ గెంతుతుంటే ఆ సీనుని రెండు పూటల్లో తీశారు.

అయితే తేటనీరు కనిపించగానే తప్పు పట్టేశామని సంబరపడకండి. తీసినవాళ్లకి అనుకూలంగా ఒకసారి చదవడం జడ్జి బాధ్యత. సీజను అయిపోయిన నెలలకు అతను ఆ రోజుని కలగంటున్నాడేమో? చేసేసిన ఎంపికనే నిద్రలో మళ్లీ మళ్లీ ఎదుర్కొంటున్నాడేమో? అదే అయితే ఆ ముగింపు బద్ధకం కాదు, చాలా గొప్ప ఆలోచన. దానికి ఆనవాలు ఉండాలి. ఇంట్లో ఉయ్యాల, పసిబిడ్డ ఏడుపు, భార్య మెడలో పసుపుతాడు మాత్రమే ఉండడం, షావుకారు పుస్తకంలో కొట్టేసిన గీత, ఏదైనా సరే. ఆఖరి రెండు నిమిషాల్లో అలాంటిది ఒక్కటి దొరికినా మీ మొదటి మార్కులు చింపేసి మళ్లీ వేయండి. ఏదీ దొరక్కపోతే ప్యాచ్ వర్కే.

కార్డు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాత్రలన్నీ “వత్తన్నానండి”, “ఎల్లిపోదారి” అని మాట్లాడి, కార్డు మాత్రం పాఠ్యపుస్తకం తెలుగులో దిగితే, పైగా దాని అక్షరాల తీరు టైటిల్ అక్షరాలతో కలవకపోతే, అది ఏదో పర్యావరణం అంశంగా పెట్టిన పోటీ కోసం తర్వాత అతికించినది కావచ్చు. సందేశం తప్పని కాదు. సినిమా అడిగింది “చేప ఎవరికి?” అని. కార్డు చెప్పిన జవాబు “నది ఏమైపోతోంది?” అన్న వేరే ప్రశ్నకి. ఆ ప్రశ్న మొదటి పద్నాలుగు నిమిషాల్లో ఎక్కడైనా ఉందా? పులసలు తగ్గిపోయాయని రేవులో ఒక ముసలాయన గొణిగినా, గత ఏడాది ఎన్ని పడ్డాయో ఖాతాలో కనబడినా కార్డుకి కొంత హక్కు వచ్చేది.

మీ తోటి జడ్జిల్లో ఒకరు “అసలు చేపని నీళ్లలో వదిలేసి ఉంటే ఎంత బాగుండేది!” అనవచ్చు. అనే రకం ఒకరు ప్రతి ప్యానల్లోనూ ఉంటారు. పులస వలలో పడ్డాక ఎంతోసేపు బతకదు. గట్టు దాకా సంచిలో మోసుకొచ్చినదాన్ని వదిలితే తేలేది చచ్చిన చేపే. జడ్జి తన ముగింపు తాను రాసుకుని, దాంతో పోల్చి కొయ్యడం కూడా ఒక రకం మోసమే.

మీ పోటీలో ఇతర చిత్రాలకీ పనికొస్తుందని ఇంకో తేడా చెబుతాను. 14:40 దగ్గర, గట్టు మీద నిలబడ్డ చోటే ఈ సినిమా ఆగిపోయి ఉంటే? కొందరు “ఓపెన్ ఎండింగ్, బ్రహ్మాండం” అంటారు, కొందరు “పూర్తి చెయ్యలేదు” అంటారు. రెండూ విడదీయడానికి ఒక పరీక్ష. సగంలో ఉన్న ప్రశ్ననీ చివర్లో ఉన్న ప్రశ్ననీ పక్కపక్కన రాయండి. ప్రశ్న ఇరుకై, రెండు జవాబులకే కుదించుకుపోయి, ఆ రెండింటికీ ఖరీదు ఎంతో మనకి తెలిసిపోయి ఉంటే అది ఓపెన్ ఎండింగ్. ప్రశ్న సగంలో ఎంత వెడల్పుగా ఉందో చివర్లోనూ అంతే వెడల్పుగా ఉంటే అది పూర్తి కానిది. మీ చిత్రం 14:40కి మొదటి రకం. ఎడమకి వెళ్తే వడ్డీ తగ్గుతుంది, ఇంట్లో దాక బోర్లించే ఉంటుంది. కుడికి వెళ్తే దాక పొయ్యెక్కుతుంది, వచ్చే సీజనుకి అడ్వాన్సు పుట్టదు. అన్నీ తెలుసు. అక్కడ కట్ చేసి టైటిల్స్ వేసినా సినిమా నిలబడేదే. కాబట్టి రాసినవాడికి, తీసినవాడికి ముగింపు దొరికింది, దాన్ని గుర్తుపట్టలేదు. ఇది దొరక్కపోవడం కంటే చిన్న తప్పు. కోతలో ఆ తేడా కనబడాలి.

చావుతో ముగించేవి, చివర్లో ఆమె దెయ్యమని తేలేవి మీ పోటీకి ఎలాగూ నాలుగైదు వస్తాయి. వాటికీ ఇవే ప్రశ్నలు: బీజం ఉందా, వెనక్కి ఎంతదాకా పాకింది?

ఇక అంకెలు. మీ కాగితంలో కథ, కథనం 30, దర్శకత్వం 25, నటన 15, ఛాయాగ్రహణం 10, ఎడిటింగ్ 10, శబ్దం 10 అని రాశారు. ముగింపుకి విడిగా గడి లేదు, ఉండకూడదు కూడా. ప్రమాదం ఎక్కడంటే, ఒకే తప్పుకి కథలో పది, దర్శకత్వంలో ఎనిమిది, ఎడిటింగ్‌లో అయిదు కొట్టేసి, అది ఒకే తప్పని మరిచిపోవడం. అందుకే ముందు తప్పు ఎవరిదో తేల్చమన్నాను. కల బీజం లేకుండా వచ్చింది, అది రాతలో తప్పు, కథ గడిలోనే కొయ్యాలి. కార్డు, డ్రోన్, పాట అవసరమనుకోవడం దర్శకుడి నిర్ణయం, అక్కడ కొంచెం. నీటి రంగు కలవకపోవడం ఛాయాగ్రహణంలో ఒక మార్కు, డీఐలో (తీశాక రంగులు సరిదిద్దే దశలో) కొంతైనా ఎర్రదనం తేవచ్చు, తేలేదు. లొకేషన్ శబ్దం మాయం కావడం శబ్దంలో ఒకటి. ఎడిటర్‌ని వదిలేయండి, చేతికిచ్చిన ముక్కలే అవి. ఒకవేళ 14:40 ముందు షాటుకి సగటున పది సెకన్లు ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా మూడు సెకన్లకి పడిపోతే అప్పుడు ఎడిటర్‌ని కూడా అడగాలి. లెక్క కష్టం కాదు, ఆ భాగంలో కట్లు లెక్కపెట్టి సెకన్లని భాగించడమే.

14:40 దగ్గర మీరు వేసిన అంకెలు కథ 27, దర్శకత్వం 22, నటన 14, ఛాయాగ్రహణం 9, ఎడిటింగ్ 8, శబ్దం 8 అనుకుందాం, మొత్తం 88. కల పదకొండో నిమిషంలో మొదలైందని తేలితే కథలో 9 తీసి 18, దర్శకత్వంలో 3 తీసి 19, ఛాయాగ్రహణం 8, శబ్దం 7, నటన, ఎడిటింగ్ అలాగే. మొత్తం 74. మొదటి ఫ్రేము దాకా పాకిందని తేలితే కథలో మరో 9, దర్శకత్వంలో మరో 3 పోయి 62 దగ్గర ఆగుతుంది. 50 కిందకి తోయాలంటే నటుడి ముఖం మీద కూడా ముగింపు పగ తీర్చుకోవాలి. అది అన్యాయం.

బహుమతి విషయంలో నా మాట సూటిగా: నటనకో ఛాయాగ్రహణానికో ఈ చిత్రానికి బహుమతి వస్తే అభ్యంతరం లేదు. ఉత్తమ చిత్రం మాత్రం ఇవ్వను. ఎనిమిది నిమిషాల సాదాసీదా చిత్రం, ఫోనుతో తీసినదైనా, తను ఇచ్చిన మాట నిలబెట్టుకుని ఉంటే దానికే ఇస్తాను, అంకెల్లో రెండు మూడు తక్కువున్నా సరే. అందుకే అంకెలు కూడి ఎక్కువ వచ్చినవాడికి ఉత్తమ చిత్రం అని నిబంధన పెట్టుకోకండి. అంకెలు మొదటి అయిదింటిని తేల్చడానికే, ఆ పైన చర్చ.

చర్చకి ముందు ముగ్గురూ మార్కుల కాగితాలు మూసిన కవర్లో ఇచ్చేయాలి. మాటలయ్యాక వేసే మార్కులు గట్టిగా మాట్లాడినవారివి అవుతాయి, ముఖ్యంగా పెద్దాయన ఎదురుగా కూర్చుంటే. మార్కుల విషయంలో మాత్రం, మొత్తంలో ఇద్దరి మధ్య 15 మించి తేడా వచ్చిన చిత్రాన్నే మాట్లాడండి, మిగతావాటికి సగటు చాలు. మాట్లాడేటప్పుడు “నాకు నచ్చలేదండి” అన్న మాటకి విలువ లేదని ముందే ఒప్పందం చేసుకోండి, టైమ్‌కోడ్ చెప్పాలి. చూసే క్రమం కూడా ముగ్గురికీ వేరువేరుగా ఉండాలి. ఒక పూటకి ఆరేడు మించకూడదు, మధ్యలో పది నిమిషాలు లేచి తిరగాలి. పదో చిత్రంగా చూసినదాని ముగింపు ఎప్పుడూ అసలు కంటే నీరసంగానే కనిపిస్తుంది. ఇంకొకటి, కోనసీమలో పోటీ అంటే తీసినవాళ్లలో ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి బావగారి అబ్బాయో మేనకోడలో అయితీరతారు. అలాంటి చిత్రానికి ఆ జడ్జి మార్కులు వేయకుండా ఖాళీ వదలాలి, ఇద్దరి సగటు తీసుకోవాలి. చుట్టరికం దాచడం కంటే చెప్పడమే అందరికీ హాయి.

తీసినవాళ్లకి రాసి ఇచ్చే అభిప్రాయం నాలుగు వాక్యాలు మించనివ్వకండి. ఇలా ఉంటే చాలు: “14:10 నుంచి 14:40 దాకా గట్టు మీద నిలబడ్డ ముప్పై సెకన్లు ఈ పోటీలో మేం చూసిన బలమైన షాట్లలో ఒకటి. 2వ నిమిషంలో పుస్తెలు, 5లో ఖాతా, 8లో దాక మాకు ఒక ప్రశ్న అందించాయి. 14:40 తర్వాత వాటిలో ఏదీ తిరిగి రాలేదు. కల ఎక్కడ మొదలైందో మాకు అందలేదు, నీటి రంగు మారడం ఉద్దేశపూర్వకమో కాదో కూడా తేల్చుకోలేకపోయాం.” ఇందులో సలహా ఒక్కటీ లేదు, ఉండకూడదు. ముగింపు ఎలా మార్చుకోవాలో వాళ్లకి తెలుస్తుంది. తెలియకపోతే మీరు చెప్పినది తీసినా ఫలితం ఉండదు.

ఆ చీటీ చూసి, 14:40 దగ్గరే కోసిన కొత్త ఫైలు పంపుతాం, ప్రదర్శనకి అది వేయండి అని అడుగుతారు. ఫలితాలు రాకముందే ఎవరో చెవిన వేస్తే అప్పుడే పంపేస్తారు కూడా. మార్కులకి తీసుకోవద్దు. గడువులోపు అందిన ఫైలుకే తీర్పు. ఆ ఫైలు పేరు, అందిన తేదీ, నిమిషాలు సెకన్లతో సహా నిడివి మీ మార్కుల కాగితం పైన రాసుకోండి. ప్రదర్శన రోజు పొద్దున్నే ప్రొజెక్టర్ కుర్రాడి దగ్గర ఉన్న కాపీ నిడివి దాంతో సరిపోల్చండి. 17:00 ఉండాల్సిన చోట 15:15 కనిపిస్తే ఏం జరిగిందో అడక్కుండానే తెలిసిపోతుంది.